పొలం పెట్టె

మూడో మంచె. మరమ్మతుల పుస్తకం. రాసేది సూరాడ మసేను.

వానల కారు, 74వ రోజు

ఈ పుస్తకంలో కబుర్లు రాయొద్దని మంచె పెద్ద ఎల్లాజీ పోయిన నెల ఎర్ర పెన్సిలుతో రాసి పెట్టాడు. పని పేరు, వాడిన సామాను, అయిందా కాలేదా, అంతే చాలట. సరే. రెండో అంతస్తు వంతెనకి మూడు మరలు మార్చాను, అయింది. వంటశాల పొగగొట్టంలో మసి దులిపాను, అయింది. పొలం పెట్టెలో పాట ఆగిపోయింది. కాలేదు.

ఈ మూడోదానికి ఒక్క మాట సరిపోదు. ఎల్లాజీ తిట్టుకున్నా సరే, రాస్తాను.

పొద్దున వంతుల దానమ్మ నా గదికి వచ్చింది. ఏ ఇంటికి ఏ రోజు పొలం వంతు వస్తుందో చెప్పేది ఆవిడే, ఆవిడ మాటకి ఎల్లాజీ కూడా ఎదురు చెప్పడు. "మసేనూ, పొలంలో పాట నేదురా. కప్పల అరుపూ నేదు. సెవుడు నాకొచ్చినాదా, దానికొచ్చినాదా?" అంది. వెళ్ళి చూశాను. చెవుడు పెట్టెకే.

అది నా కంటే పాత వీడియో గేమ్ పెట్టె. పైన మూత, లోపల తిరిగే డిస్కు, డిస్కు కింద దాన్ని చదివే కన్ను. ఆటేమిటంటే పొలం చేసుకోవడం, అంతే. దున్నాలి, నీళ్ళు పెట్టాలి, కలుపు తియ్యాలి. నడిసముద్రంలో ఈ మంచె మీద, చుట్టూ ఉప్పునీళ్ళు, కాళ్ళ కింద ఇనుప రేకు ఉన్న మాకు మట్టి కనపడేది ఆ తెర మీదే. ఆటను దాచుకునే మెమరీ కార్డులు రెండూ ఉప్పుగాలికి ఎప్పుడో చచ్చాయి. అందుకని పదకొండేళ్ళుగా ఆ పెట్టెని ఆపలేదు. ఆపితే పొలం మొత్తం పోతుంది. రోజుకో ఇల్లు వచ్చి పొలంలో ఒక రోజు పని చేస్తుంది, పావుగంట పడుతుంది. తర్వాత పాజ్ చేసి మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోరు. పొలంలో రోజూ, మా రోజూ ఒకటే.

పాట రాకపోతే కొంపేం మునగదు. కానీ ఆ పాటని చదివే కన్నే ఇంకో పదహారు రోజులకి, తొంభై రోజులూ నిండి కారు మారేటప్పుడు శీతాకాలపు పొలాన్ని కూడా చదవాలి. పోయినసారి కారు మారేటప్పుడే నాలుగు నిమిషాలు నల్లటి తెర చూపించి మా అందరి ప్రాణాలూ తీసింది. ఈసారి ఆ పొలంలో నా తోడబుట్టిన అప్ప కాసులమ్మ పాతిన మొక్క ఉంది. దాని సంగతి తర్వాత రాస్తాను, ఇప్పుడు తలుచుకుంటే చెయ్యి ఆడదు.

75వ రోజు

మూత తెరిచాను. మూత తెరిస్తే డిస్కు ఆగుతుంది కానీ పెట్టె ఆగదు, పొలం తెర మీద అలాగే ఉంటుంది. డిస్కు తీసి వెలుతురుకి పట్టి చూస్తే నూనె. ఇంకేముంది, చేపనూనె!

మా మంచె మీద శనివారం పూత రోజు. ఇనుము కనపడితే చాలు, చేపనూనె కలిపిన గ్రీజు పుయ్యాల్సిందే. నిచ్చెనలు, తలుపు బందులు, గరిటెల కాడలు, కళ్ళజోళ్ళ మరలు. పుయ్యకపోతే నెలకి తుప్పు, రెణ్ణెల్లకి పొడి. పిల్ల పుట్టిందంటే ముందు పిల్లకి స్నానం, వెంటనే ఉయ్యాల గొలుసుకి పూత. అలవాటు పడ్డ చెయ్యి ముందూ వెనకా చూడదు. ఎవడో మహానుభావుడు పెట్టె మూత బందుకి కూడా పూసిపారేశాడు. పెట్టె వేడికి అది కరిగి డిస్కు మీదికి, కన్ను మీదికి, కన్ను జరిగే పట్టా మీదికి కారింది.

"ఏ ఎదవకి పోయేకాలమొచ్చిందిరా!" అని వంటశాల దాకా అరుచుకుంటూ వెళ్ళాను. అక్కడ దానమ్మ రొయ్యలు ఒలుస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"పోయిన శనివారం రెండో అంతస్తు పూత ఎవులిది?" అంది.

"ఎవరిదైతే వాణ్ణి ఇవాళ సముద్రంలో..."

"నీ బుక్కు నువ్వే సూసుకో బాబూ."

చూసుకున్నాను. అరవై తొమ్మిదో రోజు, శనివారం, నా దస్తూరీయే. 'రెండో అంతస్తు. ఇనుము అన్నదానికల్లా పూత పూశాను. అయింది.' అయింది కింద గీత కూడా గీశాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు. సిగ్గుతో చచ్చాను. సముద్రంలో పడెయ్యాల్సిన వెధవని నేనే. దానమ్మ ఎవరికీ చెప్పనంది కానీ మధ్యాహ్నానికల్లా ఇరవయ్యారిళ్ళకీ తెలిసింది.

76వ రోజు

శనివారం. ఎవరి గ్రీజు డబ్బా పెట్టె దగ్గరికి రాకుండా దానికి ఎర్రగుడ్డ కట్టాను. అందరికంటే ముందు నాకే కట్టాలని వంటశాలలో నవ్వుకున్నారట. నవ్వుకోనీ.

స్పిరిట్‌తో డిస్కు తుడిచాను, దూదితో కన్ను తుడిచాను. పట్టా మీది నూనె మాత్రం పూర్తిగా పోలేదు, అది మదర్‌బోర్డు కింద ఉంది. అక్కడికి చెయ్యి వెళ్ళాలంటే పెట్టె విప్పాలి, విప్పాలంటే ఆపాలి. ఆపకూడదు. పుల్లకి గుడ్డ చుట్టి సందులోంచి ఎంత అందితే అంత తుడిచాను. పాట రెండు ముక్కలు వచ్చి నత్తినత్తిగా ఆగిపోయింది.

తుడుస్తుండగా అప్ప వచ్చింది, తన పసికూతుర్ని, గుంటని, భుజాన వేసుకుని. బావ నాచు పడవ మీద వెళ్ళి నెలయింది, ఇంకో నెల రాడు. వచ్చి తెర ముందు కూర్చుంది. తెర మీద నలభై ఒక్క చెట్లున్నాయి. మంచె మీద బిడ్డ పుట్టిన రోజు ఆ ఇంటివాళ్ళు పొలంలో ఒక మొక్క పాతుతారు. కారు మారి ఆ మొక్క ఆకు వేశాకే బిడ్డకి పేరు పెడతారు. ఆకు వచ్చేదాకా అందరూ గుంట అనే పిలుస్తారు. ఈ పద్ధతి ఎవరు మొదలెట్టారో నాకు గుర్తు లేదు. ఇప్పుడు మాత్రం అది దేవుడి మాటే. గట్టు పక్కన చిన్న కర్రపుల్లలా నిలబడ్డ నలభై రెండో మొక్క అప్ప కూతురిది.

"ఇది సదువుతాదేటిరా?" అంది.

"చదువుతుందప్పా. మసి పట్టింది, అంతే."

"మసి కాదు, నువ్వెట్టిన గ్రీజంట కదా."

పుల్లకి ఇంకో గుడ్డ చుట్టాను.

"నిన్నేటీ అనట్నేదురా. మొదటోడికి ఆకు రాకముందే పేరెట్టేసినాను, ముద్దొచ్చి. నలబయ్యో రోజుకి..." అని ఆగిపోయింది. తర్వాతేం జరిగిందో నాకు తెలుసు. ఆ పసివాణ్ణి గుడ్డలో చుట్టి నీళ్ళలోకి దించింది నేనే. వాడు జ్వరంతో పోయాడు, పేరు పెట్టడంవల్ల కాదు. ఆ మాట అప్పతో అనడానికి నాకు ఆరేళ్ళుగా నోరు రాలేదు, ఇవాళా రాలేదు.

"దీనికి మాత్రం ఆకు సూసే పేరెడతాను" అని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం అలలతో కరెంటు పుట్టించే కొత్త యంత్రాన్ని లాక్కుంటూ బల్లకట్టు వచ్చింది. పాత యంత్రం బేరింగు అరుపు వినలేక చస్తున్నాం, కాబట్టి సంతోషించాను. 

77వ రోజు

నీళ్ళ గొట్టం వాషరు మార్చాను, అయింది. పెట్టెని తలకిందులుగా పెట్టాను, అయింది!

ఇది మా నాన్న చెప్పిన చిట్కా. పట్టా అరిగి కన్ను కిందికి వాలిపోతే, పెట్టెని బోర్లా తిప్పితే దాని బరువుకి అదే దగ్గరికి వస్తుందట. రెండు ఇటుకల మధ్య బోర్లా నిలబెట్టి, వైరు ఊడకుండా దానమ్మ చేత పట్టించి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని పాజ్ తీశాను. పాట వచ్చింది. కప్పలూ వచ్చాయి! దానమ్మ వైరు వదిలేసి చప్పట్లు కొట్టబోయింది, "ఓలమ్మా, వైరు!" అని నేను అరిచాను. ఇవాళ్టి వంతు వాళ్ళు పావుగంట కలుపు తీస్తున్నంత సేపూ పది పదిహేను మంది ఊరికే నిలబడి కప్పల్ని విన్నారు.

అప్ప గుంట చెవి దగ్గర ఏదో చెప్తోంది. పేరు కాదు, కప్పలంటే ఏమిటో చెప్తోంది. ఆవిడా కప్పని ఎప్పుడూ చూడలేదు.

78వ రోజు

మళ్ళీ ఆగింది. బోర్లా పెట్టినా, నిలువుగా పెట్టినా, పక్కకి పెట్టినా అంతే. కన్ను పక్కన వెలుతురు పెంచే చిన్న మర ఒకటుంటుంది. దాన్ని వెంట్రుకంత తిప్పాను. కొంచెం వచ్చింది. ఇంకో వెంట్రుకంత తిప్పితే కన్నే కాలిపోవచ్చు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఐదో మంచెకి రేడియో చేశాను. వాళ్ళ దగ్గరా ఇలాంటి పెట్టె ఉండేది. నాలుగేళ్ళ కిందటే చచ్చిందట, కన్ను మాత్రం బాగానే ఉందట, పంపుతామన్నారు. పడవ బయల్దేరేది ఎనభై ఎనిమిదో రోజున. తొంభయ్యో రోజుకి చేరుతుంది. ఆ రోజే కారు మారుతుంది. కష్టమే కానీ కుదరకపోదు అనుకున్నాను. పెట్టె ఆపకుండా కన్ను ఎలా మారుస్తానో నాకే తెలియదు, అయినా అనుకున్నాను.

79వ రోజు

బల్లకట్టు మీదివాళ్ళు తుపాను గుర్తులు చూసి తొందర పెడుతున్నారు. ఎల్లాజీ అందర్నీ పిలిచి చెప్పాడు: ఎనభై ఒకటో రోజు మధ్యాహ్నం రెండింటికి, పోటు తగ్గి నీళ్ళు బాగా తీసినప్పుడు, పాత యంత్రం విప్పి కొత్తది బిగిస్తారు. నాలుగు గంటల పని. ఆ నాలుగు గంటలూ మంచె మీద కరెంటు ఉండదు.

"పెట్టె బ్యాటరీ మీద ఉంటాది కదా" అంది దానమ్మ.

ఎల్లాజీ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఒకప్పుడు ముప్పై బ్యాటరీలుండేవి, ఇప్పుడు పన్నెండు మిగిలాయి. కరెంటు లేనప్పుడు ఆ పన్నెండూ మంచినీళ్ళ యంత్రం పంపుకి కావాలి. పంపు గంట సేపు ఆగితే లోపల జల్లెడలో ఉప్పు గట్టిపడి యంత్రం పోతుంది. మళ్ళీ జల్లెడ దొరకదు. నూట పది మందికి తాగే నీళ్ళుండవు.

సభ అయ్యాక నేనూ ఎల్లాజీ వెళ్ళి పరీక్ష చేశాం. పన్నెండుతో పంపు తిరిగింది. ఒకటి తీసి పదకొండుతో పెట్టాం. రెండు నిమిషాలు తిరిగి ఆగింది. ఇంకో బ్యాటరీ మార్చి చూశాం. ఆగింది. వైర్లు శుభ్రం చేసి చూశాం. ఆగింది. ఎల్లాజీ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పొలంలో ఎనిమిదో చెట్టు ఆయన పెద్దకొడుకుది, పదిహేడోది రెండోవాడిది.

"ఏదన్నా దారి సూడు మసేనూ. నీకు తెల్నిది ఏటున్నాది?"

"ఉంటే ఇలా మూలుగుతానా?" అని కసిరాను. పెద్దాయన మీద అరిచినందుకు తర్వాత బాధపడ్డాను. ఆయన చదువుతాడని తెలిసే రాస్తున్నాను, తప్పయింది.

పంపు గది బయట అప్ప నిలబడి ఉంది. అంతా విన్నది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అరిచినా, తిట్టినా బాగుండేది.

80వ రోజు

ఇవాళ వేరే పనులేవీ చెయ్యలేదు. రాసుకో ఎల్లాజీ, ఎర్ర పెన్సిలుతో.

పొద్దున వంటశాలలో అందరూ ఉన్నప్పుడు నేను లేచి ఒక మాట అన్నాను. పొలం పోవడం ఖాయం. అది నేను ఆపలేను. కానీ రేపు పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పొలంలో పది రోజుల్ని వరసగా నడిపేస్తే, ఎనిమిదిన్నరకల్లా తొంభై రోజులూ పూర్తవుతాయి. కారు మారుతుంది. కన్ను చదివితే, రెండింటికి కరెంటు మీట దించేలోగా అప్ప మొక్క ఆకు కనపడుతుంది. ఒక్కసారి కనపడితే చాలు, తర్వాత పోయినా పోనీ.

అందరూ దానమ్మ వైపు చూశారు. పదకొండేళ్ళలో ఒక ఇంటి రోజుని ఇంకో ఇల్లు ముట్టుకోలేదు. జ్వరమొచ్చినవాళ్ళని మంచంతో సహా మోసుకొచ్చి కూర్చోబెట్టింది కానీ ఆవిడ వంతు మార్చలేదు.

"పదిళ్ళ రోజులు ఒక్క పూటలో తినేత్తారేటి?" అంది.

 ఆవిడ వంతుల చీటీ తీసింది, దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివింది. ఆ చీటీ ఆవిడకి కంఠతా వచ్చు. ఏడుపు దాచుకోవడానికి చదువుతోంది. దానమ్మ ముగ్గురు పిల్లల చెట్లూ పొలంలోనే ఉన్నాయి. ఆ ముగ్గురిలో ఇద్దరు లేరు, వాళ్ళవని ఇప్పుడు మిగిలినవి ఆ చెట్లే.

"ఎనబయ్యొకటో రోజు నాది" అంది చివరికి. "నాను ముందు కూకుంటాను. నా ఎనక తొమ్మిదిళ్ళోలూ వరసలో నిలబడండి. ఎవులూ కాఫీలని, టిఫినీలని ఎల్లకండి."

ఒక్క ఇల్లు కూడా కాదనలేదు. ఇలాంటివాళ్ళ పెట్టెకి గ్రీజు పూసింది నేను. ఆ ఒక్క మాటా నన్ను రోజంతా తింటూనే ఉంది.

81వ రోజు, పొద్దున

ఆరింటికి దానమ్మ కూర్చుంది. పాట లేదు, కప్పల్లేవు, చప్పుడు లేని పొలం. నీళ్ళు పెట్టింది, కలుపు తీసింది, తన ముగ్గురు పిల్లల చెట్ల దగ్గరా ఆగింది. అక్కడ ఆగడం వల్ల ఆటలో ఏమీ రాదు. లేచేటప్పుడు తెర మీది మట్టికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుంది.

ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. పావుగంటకో పొద్దు పొడిచింది, పావుగంటకో పొద్దు వాలింది. ఎవరి రోజులో వాళ్ళు తమ చెట్లన్నీ చూసుకున్నాక కాసులమ్మ మొక్కకి కూడా ఒక చెంబు నీళ్ళు పోశారు. మొక్కకి రోజుకి ఒక చెంబు చాలు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే పదిళ్ళవాళ్ళూ పోశారు. ఎనభై ఆరో రోజు అప్పది. గుంటని నాకిచ్చి కూర్చుంది. చెంబు రెండుసార్లు గట్టు మీదే ఒలికింది. గుంట నా మెడ మీద ఉచ్చ పోసింది. అందరూ నవ్వారు, అప్ప కూడా నవ్వింది.

ఎనిమిదీ ముప్పై అయిదుకి తొంభయ్యో పొద్దు వాలింది. తెర నల్లబడింది. డిస్కు తిరగడం మొదలెట్టింది.

81వ రోజు, మధ్యాహ్నం

తిరుగుతూనే ఉంది.

ఈ పెట్టెలో ఒక మంచి ఉంది, అదే చెడూనూ. చదవలేకపోతే చచ్చిపోదు. కన్ను మొదటికి వెళ్ళి మళ్ళీ వెతుకుతుంది, మళ్ళీ మొదటికి వెళ్తుంది. టిక్, టిక్, గర్ర్. ఎంతసేపైనా వెతుకుతుంది. అంటే ప్రతి క్షణమూ ఇప్పుడే వస్తుందేమో అనిపిస్తుంది. తొమ్మిదింటికి మూత తెరిచి మళ్ళీ తుడిచాను. పదింటికి బోర్లా పెట్టాను. పదిన్నరకి విసనకర్రతో విసిరారు. పదకొండింటికి డిస్కు మీద వేలితో మెల్లగా ఒత్తాను. పన్నెండింటికి వెలుతురు మరని ఇంకో వెంట్రుకంత తిప్పాను. కన్ను కాలలేదు, చదవనూ లేదు. ఒంటిగంటకి నాకు తెలిసిన పనులన్నీ అయిపోయాయి. తెలియనివి కూడా రెండు చేశాను. ఎల్లాజీ మొక్కుకున్నాడు. నేనూ మొక్కుకున్నాను, నాకు అలవాటు లేకపోయినా.

రెండింటికి పది నిమిషాలుండగా బల్లకట్టు మీంచి ఈల వేశారు. ఎల్లాజీ బయటికి వెళ్ళి పావుగంట ఆగమని అడిగాడు. సరే అన్నారు. మళ్ళీ ఈల వేశారు. ఎల్లాజీ మళ్ళీ వెళ్ళాడు. నీళ్ళు ఎక్కడం మొదలైతే యంత్రం కాలు బిగించలేమని, ఇంక ఆగలేమని చెప్పారు. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. దించు అని మాత్రం అనలేదు, అనలేకపోయాడు.

మీట నా పని. మంచె మీద కరెంటు మీట ఎత్తేది, దించేది నేనే. తెర దగ్గర్నుంచి మీట దాకా పన్నెండు అడుగులు. అప్ప నాకు ఎదురుగా వచ్చింది.

"తమ్ముడా, ఒక్క తిరుగుడు. ఇంకొక్క తిరుగుడు సూడరా."

ఆగాను. టిక్, టిక్, గర్ర్. మొదటికి వెళ్ళింది.

"ఇంకొక్కటిరా."

ఆగాను. నాలుగుసార్లు ఆగాను. కింద నీళ్ళు ఎక్కుతున్నాయని బల్లకట్టు మీదివాళ్ళు కేకలు వేస్తున్నారు. అయిదోసారి అప్ప అడగలేదు, పక్కకి తప్పుకుంది. రెండూ ఇరవై ఎనిమిదికి మీట దించాను. గర్ర్ అన్న చప్పుడు మెల్లమెల్లగా తగ్గి ఆగిపోయింది. పంపు గదిలో పన్నెండు బ్యాటరీల మీద పంపు తిరుగుతున్న చప్పుడు వినపడింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను. రాయడానికి సిగ్గేం లేదు.

81వ రోజు, సాయంత్రం

ఆరున్నరకి కొత్త యంత్రం తిరిగింది, మీట ఎత్తాను. దీపాలు తెల్లగా, నిలకడగా వెలిగాయి. పని బాగా చేశారు. బల్లకట్టు వాళ్ళకి కూడు పెట్టి పంపారు.

ఎవరూ ఇళ్ళకి పోలేదు. తెర ముందే అటూ ఇటూ తచ్చాడుతున్నారు, పాడె లేచిన ఇంట్లోలాగా. కొత్త కరెంటు ఎలా ఉందో చూద్దామని, ఇంకే ఉద్దేశమూ లేకుండా, పెట్టె మీట నొక్కాను.

డిస్కు తిరిగింది. ఒక్క టిక్కు లేదు, గర్ర్ లేదు. పాట వచ్చింది, మొదటి పాట, పదకొండేళ్ళుగా మేం విననిది. నత్తి లేదు. కప్పలు అరిచాయి. వెనకాల ఎవరో "వచ్చీసింది!" అని గట్టిగా అరిచి, అంతలోనే నోరు మూసుకున్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. తప్పు నూనెది కొంతే. పదకొండేళ్ళు క్షణం కూడా ఆపకుండా తిప్పాం. ఆ వేడికి పట్టా ఉబ్బి కన్నుని పట్టేసింది. నాలుగు గంటలు చల్లారగానే ఉబ్బు దిగింది, కన్ను హాయిగా జారింది. దానికి కావాల్సింది కాసేపు విశ్రాంతి. మేం ఎంత మొత్తుకున్నా ఇవ్వలేని మందు అదొక్కటే. ముందే తెలిసినా ఏం చెయ్యగలిగేవాణ్ణి? ఏమీ లేదు. ఆ సంగతి తెలుసుకుని నెత్తి కొట్టుకోవడం తప్ప.

తెర మీద పొలం వచ్చింది. రాళ్ళు, గడ్డి, తలుపు లేని గుడిసె. ఒక్క చెట్టు లేదు. దానమ్మ తన పిల్లల మూడు చెట్లుండే చోటికేసి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి పొలం కింద ఒక గడి తెరుచుకుంది. అందులో అక్షరాలు వరసలు వరసలుగా ఉన్నాయి, ఖాళీలో ఒక గీత వెలిగి ఆరుతోంది.

"ఏటడుగుతున్నాదిరా?" అంది దానమ్మ.

"పేరు."

"ఎవులి పేరు?"

"పొలం ఎవరిదో వాళ్ళ పేరు. పెట్టందే ముందుకి పోదు."

 అప్ప లేచి వచ్చింది. గుంటని చంకన వేసుకుని, జాయ్‌స్టిక్కు తీసుకుని తెర ముందు నిలబడింది.  బొటనవేలు దాని మీట మీద పెట్టింది.  తెర వైపు చూసింది, గుంట మొహం వైపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి జాయ్‌స్టిక్కు నా చేతిలో పెట్టింది.

"మీట దించినోడివి నువ్వు. మేనమావవి నువ్వు. నువ్వే పేరెట్టు."

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"అప్పా, నా వల్ల కాదు."

"నా వల్లా కాదురా."

గుంటకి పెట్టాలనుకున్న పేర్లన్నీ నా నోటిదాకా వచ్చాయి. ఒక్కో పేరూ రాగానే, ఆ గుడ్డలో చుట్టిన పసివాడి బరువు నా చేతుల్లోకి వస్తోంది. పిల్లలు పోయేది పేరు వల్ల కాదని తెలిసినవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే. అయినా నా వేలు కదలడం లేదు.

గుంట మెడ ఇప్పుడిప్పుడే నిలబెడుతోంది, తెర మీద వెలిగి ఆరే గీతనే చూస్తోంది. కుడిచేతిలో జాయ్‌స్టిక్కు ఉండటంవల్ల ఇదంతా ఎడంచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోయాయి, ఎల్లాజీ ఏమీ అనుకోకూడదు. అప్ప ఇంకా నా పక్కనే నిలబడి ఉంది.